ముందు వేస్తే ముందు కాపు వస్తుందా? చలి చివర్లో కూరగాయల సాగు: అపోహలు, వాస్తవాలు

చలి కాస్త వెనక్కి తగ్గి నాలుగు రోజులు ఎండ గట్టిగా కాసిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బీన్స్ పెట్టి పన్నెండు రోజులైంది, ఒక్క మొలకా లేదు, విత్తనం నకిలీదంటావా?" ప్రతి ఏడూ ఇదే మాట. నేను నారు పెంచి ఇస్తాను, మాకు సొంతంగా చిన్న కూరగాయల తోట ఉంది, ఇంటిల్లిపాదీ అందులోనే పని చేస్తాం, కాబట్టి ఈ ఫోన్ వెనకాల ఉండే బెంగ నాకు బాగానే తెలుసు. విత్తనం పోయింది, కూలి పోయింది, పక్కవాళ్ళ మడి పచ్చగా ఉంది, మనది బోడిగా ఉంది. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే నయమనిపించింది.

అపోహ: పగలు ఎండ బాగా వస్తోంది కాబట్టి వేసేయొచ్చు, ఎంత ముందు వేస్తే అంత ముందు కాపు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను. విత్తనానికి గాలి వేడితో పని లేదండీ, అది ఉండేది మట్టిలో. మట్టి నిదానంగా వేడెక్కుతుంది, తడి ఎక్కువున్న నేలైతే ఇంకా నిదానం, ఎందుకంటే నీళ్ళు వేడెక్కడానికి చాలా వేడి కావాలి, పైగా ఆ తడి ఆవిరయ్యేటప్పుడు ఉన్న వేడిని కూడా పట్టుకుపోతుంది. మధ్యాహ్నం చొక్కా తడిసేంత ఎండ ఉన్నా తెల్లారుజామున అదే మడిలో వేలు పెడితే జివ్వుమంటుంది. మనం చూసేది మధ్యాహ్నం, విత్తనం భరించేది రాత్రంతా.

లెక్కల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. టమాటా విత్తనం మట్టి 10 డిగ్రీల దగ్గరుంటే పైకి రావడానికి దాదాపు 43 రోజులు తీసుకుంటుంది, 15 దగ్గర 14 రోజులు, 20 దగ్గర 8, 25 దగ్గర 6. బెండ 15 డిగ్రీల్లో 27 రోజులు, 30 డిగ్రీల్లో 7 రోజులు. దోస 15లో 13 రోజులు, 25లో 4 రోజులు. అంటే రెండు వారాలు ముందు వేసినవాడికి ఆ రెండు వారాలూ మట్టిలోనే ఖర్చయిపోతున్నాయి. ఊరికే ఆలస్యమైతే సరే అనుకోవచ్చు, కానీ ఆ ఆలస్యంలో విత్తనం చేతులు ముడుచుకుని కూర్చోదు, కుళ్ళుతుంది.

బీన్స్ సంగతి మరీ ఘోరం. ఎండిన గింజ మొదటి కొన్ని గంటల్లో నీళ్ళు గబగబా పీలుస్తుంది, ఆ పీల్చే నీళ్ళు చల్లగా ఉంటే లోపలి కణాల పొరలు దెబ్బతిని గింజలో ఉన్న చక్కెరలు బయటికి కారిపోతాయి. ఆ తీపికి మట్టిలో ఉన్న బూజు చేరుతుంది, కుళ్ళు వాసనకి ఒక రకం ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది, వాటి నుంచి వచ్చే తెల్ల పురుగు మిగిలింది తినేస్తుంది. ఆ తర్వాత ఎంత ఎండ కాసినా ఆ గింజ లేవదు. అందుకే ఫోన్ చేసినవాళ్ళని నేను మొదట అడిగేది ఒక్కటే, తవ్వి చూశారా అని. పదిమందిలో ఎనిమిది మంది చూసి ఉండరు. చూడండి. గింజ ఉబ్బి, పైతోలు వేలికి జారిపోయి, నొక్కితే లోపల పిండిముద్దలా మెత్తగా ఉండి పుల్లటి కంపు కొడుతుంటే అది చలి దెబ్బ, నకిలీ విత్తనం కాదు. అదే సంచిలో మిగిలిన పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఇంట్లో వెచ్చటి చోట పెట్టండి, వారంలోపు ఎనిమిది తొమ్మిది మొలిచాయంటే మీ విత్తనం మంచిదే. ఏదీ మొలవకపోతే అప్పుడు అమ్మినవాళ్ళని నిలదీయండి, నేనూ మీతో వస్తాను.

మా తోటలో రెండో ఏడు జరిగింది చెప్తాను. నాన్న వద్దంటున్నా వినకుండా బీన్స్ సగం మడి తొందరపడి పెట్టేశాను, మిగతా సగం ఆయన మాట మీద ఇరవై రోజులాగి పెట్టాం. ముందు పెట్టిన వైపు మొలకలు పళ్ళూడిన దువ్వెనలా అక్కడొకటి ఇక్కడొకటి వచ్చాయి, వచ్చినవి కూడా గిడసబారి, ఆకుల అంచులు పసుపుతో. వెనక పెట్టిన వైపు వారం తిరిగేసరికి సాలంతా నిండింది. మొదటి కోత రెండు వైపులా ఒకే వారంలో వచ్చింది, బరువు మాత్రం వెనక పెట్టిన వైపే ఎక్కువ. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, ఖాళీ పడిన చోట మళ్ళీ గింజలు పెట్టుకుంటూ వెళ్ళారు. ఆ మడి మీద వంగి తిరిగి గింజలు పెట్టిన పొద్దు నాకు ఇప్పటికీ గుర్తే.

ఏం చేయాలంటే, ఒక మట్టి థర్మామీటర్ కొనండి, వంటింటి ప్రోబ్ థర్మామీటర్ అయినా పర్లేదు. పొద్దున ఎనిమిది లోపు రెండంగుళాల లోతులో గుచ్చి చూడండి, వరసగా నాలుగు రోజులు. బీన్స్, దోసలకి పొద్దున రీడింగే 16 దాటాలి, బెండకి 18, 20 వస్తే మేలు. టమాటా నారు నాటడానికి కూడా మట్టి 15 దాటాలి, రాత్రి గాలి 10కి దిగకూడదు, మిర్చి వంకాయ అయితే ఇంకో వారం ఓపిక పట్టండి.

అయితే "చలి పూర్తిగా పోయాకే ఏదైనా" అనేది కూడా తప్పే. బఠానీ, పాలకూర, ముల్లంగి, క్యారెట్, ఉల్లి, లెట్యూస్ 5 డిగ్రీల మట్టిలో కూడా మొలుస్తాయి, నిదానంగా వస్తాయంతే. వీటిని ఆపి ఆపి ఎండలు ముదిరాక వేస్తే లెట్యూస్ విత్తనం మొలవడమే మానేస్తుంది, పాలకూర ఆకు పెట్టకుండా పూతకి పోతుంది. చేతులు ఆగనివాళ్ళు వీటితో మొదలుపెట్టుకోండి, తొందర తీరుతుంది.

అపోహ: ఆకులు వంకాయ రంగుకి తిరిగాయి, అర్జెంటుగా డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) వేయాలి.

పోయినేడు కొత్తగా తోట మొదలుపెట్టిన ఒకావిడ టమాటా నారు తీసుకెళ్ళి, పది రోజులకి ఫోన్ చేసి దాదాపు ఏడ్చేసింది. ఆకుల అడుగున, ఈనెల వెంబడి వంకాయ రంగు వచ్చిందట, ఎవరో భాస్వరం లోపం అన్నారట, ఒకసారి డీఏపీ వేసింది, తగ్గలేదని రెండోసారి కూడా వేసింది. అమ్మా, మీ మట్టిలో భాస్వరం ఉండి ఉంటుంది, చల్లటి మట్టిలో వేరు దాన్ని తీసుకోలేకపోతోంది అని చెప్పాను. మట్టి వెచ్చబడితే కొత్తగా వచ్చే ఆకులు వాటంతట అవే పచ్చగా వస్తాయి. రెండు దఫాల ఎరువు లేత వేరు పక్కనే పడితే వేరు మాడుతుంది, అప్పుడు నిజంగానే మొక్క పోతుంది. ఆవిడ మొక్కలు చాలావరకు కోలుకున్నాయి, ఎరువు మరీ మొక్క మొదలు పక్కనే పడిన వరస మాత్రం పోయింది. ఎవరో చెప్పారని మందో ఎరువో వేసేముందు రెండు రోజులాగి, కొత్త చిగురు ఏ రంగులో వస్తోందో చూడండి. అడుగు ఆకు జరిగిపోయింది చెప్తుంది, చిగురు ఇప్పుడు జరుగుతున్నది చెప్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మడి మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీట్లలో నల్లదే మట్టిని ఎక్కువ వేడి చేస్తుందనుకుంటారు, కాదు. పారదర్శకంగా ఉండే షీట్ కింద ఎండ నేరుగా మట్టికి తగులుతుంది, అదే ఎక్కువ వేడి చేస్తుంది, కాకపోతే కింద కలుపు కూడా జోరుగా వస్తుంది. నల్లది తానే వేడెక్కుతుంది, ఆ వేడి మట్టికి దిగాలంటే మట్టికి ఆనేలా బిగించి పరవాలి, వదులుగా వేస్తే వేడంతా గాలికి పోతుంది.

పెద్ద నారు తీసుకుంటే తొందరగా కాస్తుందనేది ఇంకోటి. కాలీఫ్లవర్ నారు ఐదారు వారాలది చాలు, ట్రేలో ముదిరి వేర్లు చుట్టలు తిరిగిన నారు నాటితే బొత్తాం అంత పువ్వు పెట్టి ఆగిపోతుంది. ఉల్లి నారు పెన్సిల్ కన్నా లావుంటే, ఆ మీద వారాల తరబడి చలి తగిలితే, గడ్డ ఊరకుండా పూతకాడ వేస్తుంది. నా దగ్గరికి వచ్చి పెద్దదే కావాలని పట్టుబట్టేవాళ్ళకి నేను ఇవ్వను, కోపం తెచ్చుకున్నా సరే.

షెడ్డులోంచి తెచ్చిన నారుని అదే రోజు మడిలో నాటేయకండి. వారం పది రోజులు బయట పెట్టి, మొదట నీడలో, తర్వాత కాసేపు ఎండలో, నీళ్ళు కాస్త తగ్గించి అలవాటు చేయాలి. లేకపోతే చలి అక్కర్లేదు, ఎండకీ గాలికే ఆకు తెల్లగా మాడిపోతుంది.

తడి నేలని దున్నడం మాత్రం చిన్న తప్పు కాదు. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి, పొడిపొడిగా విడిపోతే పదునులో ఉన్నట్టు, బంకలా వేలిగుర్తు పడితే ఇంకా ఆగాలి. తొందరపడి దున్నితే రాళ్ళలాంటి గడ్డలు కడుతుంది, ఆ సీజనంతా వాటితోనే కుస్తీ.

మంచు పడే చోట్ల ఫోన్లో 3 డిగ్రీలు చూపించింది కదా అని నిద్రపోకండి. ఆ లెక్క మనిషి ఎత్తులో గాలిది, మబ్బూ గాలీ లేని రాత్రి నేల దగ్గర అంతకన్నా కొన్ని డిగ్రీలు తక్కువుంటుంది. పొద్దు పోకముందే మట్టిలో వేడి ఉండగానే గుడ్డ కప్పి, అంచులు నేలకి ఆనేలా మట్టి వేయండి, పొద్దున ఎండ రాగానే తీసేయండి.

ఈ పొద్దున మా బీన్స్ మడిలో 14 చూపించింది, నిన్న 13, మొన్న 13. సాళ్ళు తీసి ఉంచాం, గింజల సంచి ఇంకా విప్పలేదు.