ఒకే గిటార్, రెండు చేతులు

చిరంజీవులు పెద్దవాడికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

దసరాకి కొన్న ఎలక్ట్రిక్ గిటార్ మీద మీ ఇద్దరికీ రోజూ తగువేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తీగలు మరీ వదులుగా ఉన్నాయి, లావువి వేయిద్దామని పెద్దవాడు. ఉన్నవే వేళ్లు కోసేస్తున్నాయని బుజ్జి. పైగా బుజ్జి "నా చేతికి గిటార్ రాదేమో" అని ఏడ్చిందట. ఆ మాట విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. మీ ఇద్దరి మాటా నిజమే. చేతులు వేరు, అందుకే ఫిర్యాదులూ వేరు.

నేను కాకినాడలో పెళ్లి ఆర్కెస్ట్రాలో చేరినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. నా మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌లో పన్నెండో ఫ్రెట్, అంటే తీగ కింద అడ్డంగా ఉండే పన్నెండో మెట్టు దగ్గర తీగ నాలుగు మిల్లీమీటర్లు ఎత్తులో ఉండేది. అమ్మిన షాపువాళ్లు దాన్ని సరిచేసి ఇవ్వలేదు. సరిచేయించుకోవాలని నాకూ తెలియదు. రెండేళ్లు నా వేళ్లలోనే బలం లేదనుకుంటూ బతికాను. ఒకరోజు కచేరీకి ముందు మా బేస్ గిటార్ ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, అరగంటలో తీగల్ని రెండు మిల్లీమీటర్లకు దించి ఇచ్చాడు. ఆ రాత్రి వాయిస్తుంటే నాకు కళ్లనీళ్లొచ్చాయి. బుజ్జీ, అందుకే నీ చేతిని తప్పుపట్టే ముందు గిటార్‌ని చూద్దాం అంటున్నాను.

మీ ఇంట్లో ఉన్నది స్ట్రాటోకాస్టర్ నమూనా. రెండు కొమ్ములూ, తీగ కదలికని పట్టే మూడు పికప్పులూ ఉంటాయి. ఆ నమూనాని అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చింది. లియో రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. అందుకే చేసిన గిటార్‌ని వాయించేవాళ్ల చేతికిచ్చి, ఎక్కడ ఇబ్బందిగా ఉందో వాళ్లనుంచి తెలుసుకునేవాడు. అంతకుముందు అదే కంపెనీ నుంచి వచ్చిన టెలికాస్టర్ గిటార్ బాడీ పలకలా ఉండేది. దాని అంచు పక్కటెముకలకు గుచ్చుకుంటోందని బిల్ కార్సన్ లాంటి వాద్యకారులు చెప్పారు. దాంతో స్ట్రాట్‌కి, అంటే స్ట్రాటోకాస్టర్‌కి, పొట్ట ఆనేచోటా, ముంజేయి ఆనేచోటా చెక్కని తీసేసి నునుపు చేశారు. టెలికాస్టర్‌లో రెండు తీగలకు కలిపి ఒక శాడిల్, అంటే తీగ ఆనే చిన్న లోహపు ముక్క, ఉండేది. స్ట్రాట్‌లో ఆరు తీగలకూ ఆరు పెట్టారు. వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగాన్ని, అంటే నెక్‌ని, మాత్రం రెంటికీ నాలుగు స్క్రూలతోనే బిగించారు, పాడైతే విప్పి ఇంకొకటి వేసుకోవచ్చని. రేడియో మెకానిక్‌కి తట్టే ఆలోచన అది. మీ గిటార్ వెనక ఆ వంపు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. వాయించేవాళ్ల పక్కటెముకల నొప్పి చెక్కిన వంపు అది.

పెద్దవాడు ఎప్పుడూ ఫొటోలు చూపించే లెస్ పాల్ గిటార్ దారి వేరు. అది 1952లో మిషిగన్‌లోని కలమజూ ఊళ్లో, మాండలిన్లకు పేరుపడ్డ గిబ్సన్ కంపెనీ నుంచి వచ్చింది. మహోగనీ బాడీ మీద మేపుల్ పలక, నెక్‌ని జిగురుతో అతికిస్తారు. నాలుగు కిలోల పైన బరువుండేవి చాలా ఉన్నాయి, గంట నిలబడి వాయిస్తే భుజం చెబుతుంది.

కానీ వేళ్లకు తెలిసే అసలు తేడా ఇంకోచోట ఉంది. నెక్ కొసన తీగ ఆనే నట్ నుంచి, బాడీ మీద తీగ ఆనే బ్రిడ్జ్ దాకా కదిలే తీగ పొడవుని స్కేల్ అంటారు. ఫెండర్‌లో అది 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. లెస్ పాల్‌లో సుమారు 24.75 అంగుళాలు. తేడా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. అయినా అదే తీగని అదే శ్రుతికి తేవాలంటే బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఫెండర్ మీద ఆరు శాతం దాకా ఎక్కువ బిగించాలి. ఫ్రెట్లు కూడా కాస్త దూరం దూరంగా ఉంటాయి. బుజ్జి వేళ్లకు సాగాల్సి వస్తున్నది అందుకే.

ఇక తీగల లావు. మొదటి తీగ అంగుళంలో వెయ్యోవంతులు తొమ్మిది ఉంటే ఆ సెట్‌ని నైన్స్ అంటారు, పది ఉంటే టెన్స్. వెయ్యోవంతు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ తొమ్మిది నుంచి పదికి మారితే ఆ తీగ బిగువు 23 శాతం పెరుగుతుంది. మీ గిటార్ మీద ఆరు కిలోల దగ్గర ఉన్నది ఏడు దాటుతుంది. పెద్దవాడా, నువ్వు పిక్‌తో గట్టిగా కొడతావు కాబట్టి సన్నతీగ నీ చేతికింద కొట్టుకుపోతున్నట్టుంటుంది. నీకు లావుది కావాలనిపించడం సహజం.

ఎవరిది సరైనదని అడగకండి. అమెరికాలోని ఒక్క టెక్సస్ నుంచే ఇద్దరు పేరున్న గిటార్ వాద్యకారులు వచ్చారు. స్టీవీ రే వాన్ మొదటి తీగ పదమూడు వేసి, గిటార్‌ని అర స్వరం దించి వాయించేవాడు. బిల్లీ గిబ్బన్స్ ఏడు వేస్తాడు. ఇద్దరి నాదమూ నిండుగానే ఉంటుంది.

బుజ్జీ, టోనీ అయోమీ అనే గిటార్ వాద్యకారుడి సంగతి నీకు తప్పకుండా చెప్పాలి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కుర్రాడు. పదిహేడేళ్లప్పుడు ఫ్యాక్టరీలో యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. మామూలు తీగలు ఆ వేళ్లకు బరువయ్యాయి. సన్నవి దొరక్కపోతే బాంజో తీగలు తెచ్చి వేసుకున్నాడు. తర్వాత బ్లాక్ సబ్బాత్ బృందంలో, 1971 నాటికి కొన్ని పాటలకు గిటార్‌ని మూడు స్వరస్థానాలు దించేశాడు. అలా దించితే బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. లోకంలో హెవీ మెటల్ అనే రాక్ సంగీతం వాయించేవాళ్లు ఎందరో అనుసరించిన ఆ బరువైన మంద్రనాదంలో, నొప్పి పెట్టే వేళ్ల కోసం వదులు చేసిన తీగల పాత్ర చాలా ఉంది.

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కూడా వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నవారే. మాండలిన్‌కి జంటజంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల్ని పక్కకు లాగి గమకం పలికించడం చాలా కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, ఐదు ఒంటి తీగలు పెట్టుకుని కర్ణాటక సంగీతం వాయించారు. ఆయనతో కలిసి వాయించిన గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకుముందు, 1970ల్లో, శక్తి అనే తన బృందం కోసం గిటార్ మెట్ల మధ్య చెక్కని లోతుగా చెక్కించుకున్నాడు. వీణ చూశారుగా, మైనం మీద మెట్లు ఎత్తుగా ఉంటాయి, వేలికి కింద చెక్క తగలదు. తీగ హాయిగా లాగొచ్చు. ఆయనకు కావలసింది ఆ హాయే.

సరే, మన గిటార్ సంగతి. మొదటి ఫ్రెట్‌నీ ఆఖరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య మీ మొదటి తీగ మందమంత సందు ఉండాలి. ఎక్కువుంటే నెక్ ముందుకు వంగినట్టు, అసలు లేకపోతే వెనక్కి. వానాకాలం తేమకి చెక్క కదులుతుంది, అందుకే వేసవిలో బాగున్న నెక్ శ్రావణానికి మారొచ్చు. నెక్ లోపలున్న ట్రస్ రాడ్ అనే కడ్డీతో దీన్ని సరిచేస్తారు. దాన్ని మాత్రం మీరు తిప్పొద్దు. అది చెడితే నెక్కే పోతుంది.

ఎత్తు, అంటే యాక్షన్, పన్నెండో ఫ్రెట్ దగ్గర చూడాలి. ఒకటిన్నర మిల్లీమీటరు బుజ్జికి సుఖం. కానీ అంత కిందికి దించితే పెద్దవాడి దెబ్బకి తీగ ఫ్రెట్లకు తగిలి బర్రుమంటుంది. వాడికి రెండు కావాలి. ఆఖరున శ్రుతి: తీగ ఖాళీగా పలికినదీ, పన్నెండో ఫ్రెట్ నొక్కి పలికించినదీ ఒకే స్వరం, పై స్థాయిలో రావాలి. నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పైకి పోతుంది. అందుకని శాడిల్‌ని కొంచెం వెనక్కి జరుపుతారు. ఆ ఆరు శాడిళ్ల పని ఇదే.

నాకు తోచింది చెబుతాను. మొదటి తీగ తొమ్మిది, ఆఖరి తీగ నలభైఆరు ఉండే ఒక సెట్ వస్తుంది. మొదటి మూడు తీగలు సన్నవి, మిగతా మూడు లావువి. బుజ్జి సన్నతీగల్ని పక్కకు లాగి బెండ్ చేస్తుంది, పెద్దవాడు లావు తీగల మీద రిఫ్‌లు, అంటే పదేపదే వచ్చే స్వరాల ముక్కలు, కొడతాడు. సన్నతీగల వైపు యాక్షన్ ఒకటిన్నర, లావు తీగల వైపు రెండు పెడదాం. కొత్త సెట్‌కి బిగువు మారుతుంది కాబట్టి ట్రస్ రాడ్ కూడా చూడాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీగలూ, నా అలెన్ కీలూ తెస్తాను.

ఈలోగా స్టీలు స్కేలుతో పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరు తీగల ఎత్తూ కొలిచి కాగితం మీద రాసి ఫొటో పంపండి. పెద్దవాడు కొలవాలి, బుజ్జి రాయాలి.

ప్రేమతో,
తాతయ్య