స్కోర్‌బుక్ పక్క నుంచి: బేస్‌బాల్ ఆటగాళ్ల మీద అపోహలు - వాస్తవాలు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో పిల్లల బేస్‌బాల్ లీగ్‌కి పదకొండేళ్లుగా స్కోర్‌బుక్ రాస్తున్నాను. జీతం లేదు. ఎండలో ఒక మడత కుర్చీ, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, అంతే. తెనాలిలో చదువుకునే రోజుల్లోనూ క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరు రాసేవాణ్ణి, ఎందుకంటే పదకొండు మందిలో నాకెప్పుడూ చోటు దొరికేది కాదు. ఇక్కడ మా అబ్బాయిని బేస్‌బాల్‌లో చేర్చిన మొదటి వారమే కోచ్ "లెక్కలు వచ్చా?" అని అడిగాడు. ఇరుక్కుపోయాను. మా అబ్బాయి ఆట మానేసి రెండేళ్లయింది, నేను మానలేదు.

మన వాళ్ల పాట్‌లక్‌లలో (తలా ఒక వంటకం తెచ్చే విందుల్లో) క్రికెట్ కబుర్లు అయిపోయాక ఎవరో ఒకరు నా వైపు తిరుగుతారు. "ఫలానా ఆటగాడు త్రీ హండ్రెడ్ కొట్టాడట, ట్రిపుల్ సెంచరీనా అన్నా?" కాదు. అది .300, అంటే పదిసార్లు బ్యాటింగ్‌కి వస్తే మూడు హిట్లు (ఫీల్డర్ తప్పేం లేకుండా, తన దెబ్బతోనే బేస్‌కి, అంటే పరుగు దారిలో ఆగే చోటికి, చేరడం). మిగతా ఏడుసార్లూ తల దించుకుని వెనక్కి వచ్చేవాణ్ణే ఈ ఆటలో గొప్పవాడు అంటారు. అక్కడి నుంచి మొదలయ్యే ప్రశ్నలన్నీ పాత ఆటగాళ్లు గొప్పా, ఇప్పటివాళ్లు గొప్పా అన్న చోటే ఆగుతాయి. ప్రతిసారీ నోటితో చెప్పడం కన్నా ఒకసారి రాసేస్తే పోతుంది.

అపోహ: వందేళ్ల కిందటి మేటి బ్యాటర్ బేబ్ రూత్ కాలంలో సరైన పిచ్చర్లే (బంతి విసిరేవాళ్లే) లేరు. ఇవాళ ఆడితే రూత్‌కి బంతి కూడా కనపడదు.

సగం నిజం ఉంది, ముందు అది ఒప్పుకుంటాను. రూత్ లీగ్‌లో ఎదుర్కొన్న పిచ్చర్లలో నల్లజాతివాళ్లు ఒక్కరూ లేరు, వాళ్లని రానివ్వలేదు. మ్యాచ్‌లన్నీ పగటిపూటే. సెయింట్ లూయిస్ దాటి పడమరకి జట్టే లేదు కాబట్టి ప్రయాణాలన్నీ రైల్లో. పిచ్చర్ ఎంత అలసిపోయినా చాలాసార్లు చివరిదాకా అతనే విసిరేవాడు. ఇప్పుడేమో ఏడో ఇన్నింగ్స్‌లో కొత్తగా వచ్చినవాడు గంటకి వంద మైళ్ల వేగంతో విసురుతాడు.

మరి అదే కాలంలో, అదే పిచ్చర్ల మీద మిగతావాళ్లు ఏం చేశారు? 1920లో రూత్ ఒక్కడే 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో మిగతా ఏడు జట్లలో ఏ ఒక్కటీ, జట్టు మొత్తం కలిపినా, అన్ని కొట్టలేదు. బంతి తేలికైతే అందరికీ తేలికే కదా! క్లాసులో అందరికీ ముప్పై మార్కులు వచ్చిన పరీక్షలో ఒకడికి తొంభై వస్తే పేపర్ సులువుగా ఉందనం.

ఇంకోటి. భారీగా ఊపేవాడు కాబట్టి రూత్ ఎప్పుడూ స్ట్రైకౌట్ (బంతి సరిగ్గా కొట్టలేక మూడు స్ట్రైక్‌లతో ఔట్) అయ్యేవాడని అనుకుంటారు. ఏ సీజన్‌లోనూ 93కి మించి స్ట్రైకౌట్ కాలేదు. ఇవాళ హోమ్ రన్లు కొట్టేవాళ్లలో 150 దాటినా ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఆ 93 అంటే ముచ్చట. లూయిస్ అరాయెజ్ ఆట చూడ్డానికి టీవీ ముందు కూర్చునేదీ అందుకే. 2024లో .314 కొడుతూ సీజన్ మొత్తంలో 29సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. 2022, 2023, 2024 వరుసగా మూడేళ్లు, మూడు వేర్వేరు జట్లకి ఆడుతూ బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటు ఉన్నవాడికి దక్కేది) కొట్టాడు. మన పాట్‌లక్‌లలో అతని పేరు ఎవరూ ఎత్తరు, హోమ్ రన్లు కొట్టడు కదా.

అపోహ: ఒహ్తానీ (ఇప్పటి జపాన్ ఆటగాడు) అంటే మళ్లీ పుట్టిన రూత్.

పోలిక ఎందుకొచ్చిందో తెలుసు. రూత్ మొదట పిచ్చరే. 94 గెలుపులు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.28 పరుగులే ఇచ్చాడు. కానీ పిచ్చింగ్, బ్యాటింగ్ రెండూ నిజంగా కలిపి చేసింది బోస్టన్‌లో 1918, 1919 సీజన్లలోనే. న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశాక పదిహేనేళ్లలో పిచ్చింగ్ చేసింది ఐదంటే ఐదు మ్యాచ్‌లు.

షోహెయ్ ఒహ్తానీ 2022 సీజన్ చూడండి. పిచ్చర్‌గా 15 గెలుపులు, 219 స్ట్రైకౌట్లు. అదే సీజన్‌లో బ్యాట్‌తో 34 హోమ్ రన్లు. మోచేతి ఆపరేషన్ తర్వాత 2024లో పిచ్చింగ్ చేయలేక, ఊరికే కూర్చోకుండా 54 హోమ్ రన్లు కొట్టి 59 బేస్‌లు దొంగిలించాడు (అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ అందుకున్నాడు). ఒకే సీజన్‌లో ఆ రెండూ యాభై దాటించినవాడు అంతకుముందు ఎవరూ లేరు. 2025 అక్టోబర్ 17న బ్రూవర్స్ జట్టు మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్‌కి పైగా ఒక్క పరుగు ఇవ్వకుండా పదిమందిని స్ట్రైకౌట్ చేసి, తను మూడు హోమ్ రన్లు కొట్టాడు. నేను టీవీ చూస్తూ పక్కన స్కోరు రాసుకుంటున్నాను, అలవాటు మానదు. నా బుక్‌లో పిచ్చర్లకి కింద ఒక పట్టీ, బ్యాటర్లకి పైన గళ్లు. ఒకే పేరు కింద ఒకటి, పైన ఒకటి, రెండు చోట్లా పేజీ నల్లబడిపోయింది. అలాంటి పేజీ మా ఇంట్లో ఇంకోటి లేదు.

అయినా "ఇలాంటివాడు ఇంకెవరూ లేరు" అనేముందు కాన్సస్ సిటీ మోనార్క్స్‌కి ఆడిన బుల్లెట్ రోగన్‌ని గుర్తు చేసుకోవాలి. పిచ్చింగ్, బ్యాటింగ్ రెండూ ఏళ్ల తరబడి చేశాడు. ఆడింది నీగ్రో లీగ్స్‌లో (నల్లజాతివాళ్లకి విడిగా ఉన్న లీగ్‌లు) కాబట్టి పోలిక వచ్చినప్పుడల్లా అతన్ని దాటేస్తారు.

అపోహ: మేజర్ లీగ్స్‌లో (అమెరికా అగ్రశ్రేణి లీగ్‌లు) మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్.

1884లోనే టొలీడో జట్టుకి మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడాడు. ఆ తర్వాత తలుపు మూసేశారు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున రాబిన్సన్ మొదటిసారి ఆడింది మూసేసిన తలుపు తెరవడం. నా లెక్కలో అది ఇంకా కష్టమైన పని. అతని 42వ నంబరు 1997 నుంచి ఏ జట్టులోనూ కొత్తగా ఎవరికీ ఇవ్వరు.

తలుపు బయట ఉండిపోయినవాళ్ల సంగతి? నీగ్రో లీగ్స్ మేటి బ్యాటర్ జాష్ గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్సన్ మైదానంలో దిగడానికి మూడు నెలలు కూడా లేదు. 2024లో నీగ్రో లీగ్స్ గణాంకాలని మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్ .367ని దాటి గిబ్సన్ .372 పైకొచ్చింది. దీన్ని కొందరు "రికార్డులు మార్చేశారు" అంటారు. స్కోరర్‌గా నా మాట ఇది: మార్చలేదు, రాయకుండా వదిలేసిన పేజీలు ఇప్పుడు కలిపి కుట్టారు.

అపోహ: 1961లో రోజర్ మారిస్ కొట్టిన 61 హోమ్ రన్ల పక్కన రికార్డు పుస్తకంలో చుక్క గుర్తు (*) పెట్టారు.

పెట్టలేదు. 1961లో సీజన్ 154 నుంచి 162 మ్యాచ్‌లకి పెరిగింది కాబట్టి రూత్ పాత రికార్డు 60ని, మారిస్ 61ని విడివిడిగా చూపించాలని కమిషనర్ అన్నాడు. చుక్క జనం నోళ్లలోనే ఉంది.

అపోహ: ఇప్పటి బ్యాటర్లు బలహీనులు, అందుకే ఎవరూ .400 కొట్టలేకపోతున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాదన ఇదే, కాస్త ఓపిక పట్టండి.

ఆఖరిసారి టెడ్ విలియమ్స్ కొట్టాడు, 1941లో. సీజన్ చివరి రోజు పొద్దున అతని సగటు .39955. దగ్గరి అంకెకి సవరిస్తే .400. మేనేజర్ కావాలంటే కూర్చోమన్నాడు. విలియమ్స్ కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి ఎనిమిదిసార్లలో ఆరు హిట్లు కొట్టాడు. 456సార్లకి 185 హిట్లు, .406.

దీంట్లో స్కోరర్లకి మాత్రమే పట్టే సంగతి ఒకటుంది. బ్యాటర్ పైకి కొట్టిన బంతి దూరంగా క్యాచ్ అయితే, దాన్ని పట్టాక మూడో బేస్‌లో ఉన్నవాడు పరిగెత్తి హోమ్ బేస్ చేరి పరుగు తీయొచ్చు. ఇవాళ దాన్ని శాక్రిఫైస్ ఫ్లై అని రాసి, బ్యాటర్ సగటులోంచి తీసేస్తాం. 1941లో ఆ రూల్ లేదు, మామూలు ఔట్ కిందే లెక్క. అది 1954లో తిరిగొచ్చింది. అంటే ఇప్పటి పద్ధతిలో రాస్తే విలియమ్స్ సగటు ఇంకా పెరుగుతుంది.

మరి ఇప్పుడెందుకు రావట్లేదు? ఆటగాళ్లు తగ్గలేదు, అందరూ పెరిగారు. పిచ్చర్లు, ఫీల్డర్లు, వాళ్లని ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవాళ్లు, అందరూ. అందరూ పెరిగితే, బాగా పైన ఉన్నవాడికీ సగటువాడికీ మధ్య దూరం తగ్గుతుంది. ఎంసెట్‌లో అందరూ కోచింగ్ తీసుకుంటే మొదటి ర్యాంకుకీ వందో ర్యాంకుకీ రెండు మూడు మార్కులే తేడా ఉన్నట్టు. 1994లో టోనీ గ్విన్ .394 దాకా వెళ్లాడు. ఆగస్టులో ఆటగాళ్ల సమ్మె మొదలై సీజన్ అక్కడే ఆగిపోయింది.

పిచ్చర్ల అంకెల్నీ ఆ కాలం పరిస్థితులతో కలిపే చూడాలి. 1968లో పిచ్చర్ బాబ్ గిబ్సన్ (జాష్ వేరు) తొమ్మిది ఇన్నింగ్స్‌కి 1.12 పరుగులే ఇచ్చాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ .301కే దక్కింది. మరుసటేడాది పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఐదు అంగుళాల మట్టి! పాత, కొత్త అంకెల్ని పక్కపక్కన పెట్టేవాళ్లు ఆ మట్టి సంగతి చెప్పరు.

అపోహ: సై యంగ్ 511 మ్యాచ్‌లు గెలిచాడు. ఇప్పటి పిచ్చర్లు ఆరు ఇన్నింగ్స్‌కే చేతులెత్తేస్తున్నారు, సుకుమారులు.

ఈ మాట చెప్పేది ఎక్కువగా మా లీగ్ తండ్రులే, అందుకే కోపం. సై యంగ్ కాలంలో ప్రతి బంతీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసరాల్సిన పని లేదు. తొమ్మిదో నంబరు బ్యాటర్‌కి మెల్లగా విసిరి, అసలు బలం దాచుకునేవారు. ఇప్పుడు దాచుకుంటే ఆ తొమ్మిదో నంబరువాడే బంతిని స్టాండ్స్‌లో పడేస్తాడు. ప్రతి బంతికీ మోచేతి లిగమెంట్ మీద భారం.

ఆ లిగమెంట్ తెగితే చేసే ఆపరేషన్‌కి టామీ జాన్ పేరుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతనికే మొదట చేశాడు. జాన్ మొత్తం 288 గెలుపుల్లో 164 ఆ తర్వాతే వచ్చాయి. దీన్నిబట్టి "ఆపరేషన్ చేయిస్తే చెయ్యి ఇంకా గట్టిపడుతుందట కదా" అని నన్ను అడిగిన తండ్రులున్నారు, పన్నెండేళ్ల పిల్లవాడి గురించి! గట్టిపడదు. తెగినదాని స్థానంలో వేరే చోటి స్నాయువు (టెండన్) తెచ్చి కుడతారు, మళ్లీ మ్యాచ్‌లో విసరడానికి ఏడాదికి పైగా పడుతుంది. లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్లవాళ్లకి రోజుకి 85 బంతులే హద్దు. నేను లెక్కపెట్టి చెయ్యెత్తితే "ఇంకొక్క బ్యాటర్‌కే అన్నా" అని బతిమాలతారు. వినను.

అపోహ: మన క్రికెట్‌వాళ్లకి ఈ ఆటతో చుట్టరికం లేదు.

బేస్‌బాల్ స్కోరు పట్టికకి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్, ఇంగ్లండ్‌లో పుట్టినవాడు, మొదట క్రికెట్ వార్తలు రాసేవాడు. 1932లో బ్రాడ్‌మన్ న్యూయార్క్ వచ్చినప్పుడు యాంకీ స్టేడియంలో రూత్ పక్కన కూర్చుని మ్యాచ్ చూశాడు. ఇక మా పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని ఓడించిన మైదానం మొదట బేస్‌బాల్ స్టేడియమే.

అపోహ: అంకెలు అబద్ధం చెప్పవు.

అంకె రాసేది మనిషే. 1941లో జో డిమాజియో వరుసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు. 30వ మ్యాచ్‌లో అతని ఒకే ఒక్క హిట్, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ల్యూక్ ఆప్లింగ్ దగ్గర వంకరగా లేచి భుజానికి తగిలిన బంతి. పైన కూర్చున్న స్కోరర్ దాన్ని ఫీల్డర్ తప్పు అనుకుని ఉంటే ఆ వరుస 29 దగ్గర ఆగేది.

మొన్న వసంతంలో పదేళ్ల పిల్లల మ్యాచ్‌లో నాకూ అదే బంతి పడింది. షార్ట్‌స్టాప్ ఛాతీకి తగిలి పక్కకి పోయింది. ఎర్రర్, అంటే ఫీల్డర్ తప్పు, అని రాశాను. మ్యాచ్ అయ్యాక ఆ పిల్లవాడు, మన తెలుగువాళ్ల అబ్బాయే, బుక్‌లోకి తొంగిచూసి, "అంకుల్, అది రాయికి తగిలి లేచింది" అన్నాడు. వాడితో అక్కడిదాకా నడిచి వెళ్లాను. రాయి కాదు గానీ, గడ్డీ మట్టీ కలిసే చోట నిజంగానే గట్టు లేచి ఉంది. వచ్చి, చెరిపి, హిట్ అని రాశాను.

దాంతో మా పిచ్చర్లిద్దరూ కలిసి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్ కాస్తా ఒక హిట్ ఇచ్చిన మ్యాచ్ అయింది. వాళ్లలో ఒకడి తండ్రి పార్కింగ్‌లో నన్ను ఆపి, "పిల్లల ఆటే కదా అన్నా, ఆ సున్నా ఉండనిస్తే నీదేం పోయింది?" అన్నాడు. రెండు వారాలు మాట్లాడలేదు. ఆ గడి దగ్గర రబ్బరు రుద్దీ రుద్దీ కాగితం పల్చబడింది, వెలుతురుకి పెడితే అవతలి పేజీ కనిపిస్తుంది.