చెరువు పోయి బోరు వచ్చె, బోరు ఎండి ట్యాంకరు వచ్చె

కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో ఎండలు ముదిరితే పంచాయతీకి వచ్చే మొదటి అర్జీ తాగునీళ్లదే. ఇంటింటికీ కుళాయి ఇస్తామని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. 400 మంది ఉన్న ఊరికి 22,000 లీటర్లు కావాలి. గంటకు 1,500 లీటర్లు పోసే బోరు దాదాపు 15 గంటలు ఆగకుండా ఆడితే గానీ అంత నీరు ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కదు. ఏప్రిల్‌లో బోరు గంట ఆడి గాలి తన్నడం మొదలుపెడుతుంది. గమనించకుండా వదిలేస్తే మోటారు కాలిపోతుంది. పైపులున్నాయి, కుళాయిలున్నాయి, కిందే నీళ్లు లేవు.

జీవనది లేని సీమ ఇది. తుపాను వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు రోజులు దంచి పోతాయి. ఆ నీళ్లను పట్టడానికే గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండి మొరవ (మిగులు నీళ్లు పొర్లిపోయే దారి) పోతే కింది చెరువు నిండుతుంది. చెరువు కట్టించి, మరమ్మతు చూసేవాళ్లకు దశబంధం ఇనాము (ఆ పనికి బదులుగా ఇచ్చే మాన్యం) కింద భూమి ఉండేది. రోజువారీ పని మాత్రం నీరుగట్టిదే, అంటే చెరువు నీళ్లు పంచే మనిషిదే. తూము తెరవాలి, వంతు ప్రకారం మడిమడికీ నీళ్లు కట్టాలి, వాన రాత్రుల్లో కట్ట మీద తిరిగి ఎలుక బొక్కలు, ఎండ్రకాయల బొక్కలు పూడ్చాలి. కూలి కింద కళ్లంలో మేర, అంటే పంటలో వాటా ధాన్యం, కొలిచేవారు. చాలా ఊళ్లలో నీరుగట్టి పని చేసేవాళ్లు దళితులు, ఆయకట్టులో (చెరువు కింద పారే పొలాల్లో) భూమి లేనివాళ్లు. అందుకే పంపకంలో పక్షపాతం ఉండదనేవారు. ఊరంతటికీ నీళ్లు కట్టిన మనిషికి సెంటు మాగాణి లేకపోవడం మాత్రం అన్యాయమే.

1956 ఇనాముల రద్దు చట్టంతో ఇనాములు పట్టా భూములయ్యాయి. భూమి మిగిలింది, దాంతో ముడిపడిన మరమ్మతు పని పోయింది. పెద్ద చెరువులు ఇరిగేషన్ శాఖకు, 100 ఎకరాల లోపు ఆయకట్టు ఉన్నవి పంచాయతీరాజ్‌కు వెళ్లాయి. ఊరి చెరువుల్లో ఎక్కువ భాగం ఈ చిన్నవే. వాటికి డబ్బూ రాలేదు, మనిషీ రాలేదు. 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చినా చిన్న చెరువుల్లో చాలావరకు వాటి కిందికి రాలేదు.

ఈలోగా సాగు కరెంటు చౌకైంది. 1980లలో ఎంత వాడినా మోటారు హెచ్‌పీకి (హార్స్‌పవర్‌కు) ఏడాదికి 50 రూపాయల శ్లాబు, 2004 నుంచి ఉచితం. బోరున్న రైతుకు చెరువుతో పని తప్పింది. ఇక్కడ కింద ఉన్నది నల్లరాయి. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి, పగులు తగలకపోతే వెయ్యి అడుగులు దించినా దుమ్మే. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, కాబట్టి చివరి మూడు వందల అడుగులే రైతును ముంచుతాయి. లోతు నీళ్లలో ఫ్లోరైడు బెడద కూడా ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు వేరే బోరు వేయకూడదని 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతోంది. పాటించే ఊరు అరుదు.

కొన్ని ఊళ్లు తూము మూసేసి, నీళ్లు పొలాలకు వదలకుండా చెరువును ఊటకే (భూమిలోకి ఇంకడానికే) వదిలేశాయి. కింది బోర్లలో నీళ్లు పెరుగుతాయి, నిజమే. కానీ బోరు వేయలేని రైతు మడి ఎండిపోతుంది. ఆ రైతుకు పక్క బోరు నుంచి వంతు నీళ్లు రాసివ్వకుండా తూము మూయడం తప్పు.

బాగుచేత అంటే అందరూ పూడికతీతతోనే మొదలుపెడతారు. ముందు చూడాల్సింది చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ. రోడ్లు, లేఅవుట్లు దాన్ని తెంచేసిన చోట ఎంత పూడిక తీసినా గుంటే మిగులుతుంది. తర్వాత మొరవ. ఎగువ భూమి సాగు కోసం మొరవను కొట్టేస్తే చెరువు నిండదు, ఎత్తు పెంచితే కట్టకే ప్రమాదం. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట మీది సర్కారు తుమ్మ వేళ్లతో సహా తీయాలి, లేకుంటే వేరు కుళ్లిన దారినే నీళ్లు పోతాయి. పూడిక చివర్లో తీయాలి, అదీ కట్ట మొదలుకు దూరంగా. ఆనుకుని తవ్వితే కట్ట జారుతుంది.

హంద్రీనీవా కుప్పం కాలువలో కృష్ణా నీళ్లు వచ్చినా వాటిని పట్టి ఆపాల్సింది ఈ చెరువులే. ప్రతి చెరువుకూ ఒక నీరుగట్టిని పెట్టి, మేర బదులు పంచాయతీ నుంచి నెల జీతం ఇవ్వాలి. గ్రామసభ తీర్మానంలో కొత్త బోరు కంటే ముందు ఆ జీతం పద్దు రాయించాలి.