నడిపినందుకు ఒక్క డాలరు, కనిపించినందుకు మిగతాదంతా

పేరున్న రేసు డ్రైవర్లు ట్రాక్ బయటి ప్రచార కార్యక్రమాలకు మొహం చాటేయవచ్చా అన్న తగవు మళ్ళీ రాజుకుంది. విశాఖపట్నంలో రేసు ట్రాక్ లేదు. అయినా ఐరోపా రేసులు మన వేళకు ఆదివారం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మొదలవుతాయి కనుక, సిరిపురం, ఎంవీపీ కాలనీ వైపు టీవీల ముందు చేరే కుర్రవాళ్ళలో ఈ వాదన రేసు ముగిసినా ముగియడం లేదు. మన డబ్బుతో బతుకుతూ మనకే కనబడరా అని ఒక వర్గం అడుగుతుంటే, అతను వచ్చింది కారు నడపడానికి గానీ బొమ్మల కొలువులో కూర్చోవడానికి కాదని రెండో వర్గం అంటోంది.

రేసు కార్లు దేశాల రంగులు వదిలి 1968లో సిగరెట్టు పెట్టెల రంగులు తొడుక్కున్న కథ అందరికీ తెలిసిందే కనుక దాన్ని మళ్ళీ చెప్పడం లేదు. ఆ ఏడాది అమ్ముడుపోయింది కారు మీది రంగు. డ్రైవరు మనిషిగా బేరానికి వచ్చింది ఆ తరువాత పద్నాలుగేళ్ళకు, అదీ తనంతట తానుగా. నేటి తగవుకు మూలం అక్కడుంది.

ఫార్ములా వన్ రేసుల్లో పేరున్న ఆస్ట్రియా డ్రైవరు నిక్కీ లౌడా 1979లో కెనడాలోని మాంట్రియల్‌లో, రేసుకు ముందు ప్రాక్టీసు నడుస్తుండగానే, ఇలా గుండ్రంగా తిరగడం ఇక విసుగెత్తిందని చెప్పి తన విమానాల కంపెనీ చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. మెక్‌లారెన్ జట్టు అధిపతి రాన్ డెనిస్ 1982 సీజను కోసం అతన్ని వెనక్కి పిలిచినప్పుడు, అసలు బేరం ఆ జట్టుకు డబ్బు పెడుతున్న మార్ల్‌బరో సిగరెట్ల కంపెనీతో సాగింది. రెండేళ్ళు స్టీరింగు ముట్టనివాడు మునుపటంత వేగంగా నడపగలడన్న నమ్మకం ఏమిటని వాళ్ళు అనుమానించారు. దానికి లౌడా ఇచ్చిన జవాబును తరువాత అతనే చెప్పుకున్నాడు: తన డ్రైవింగుకు ఒక్క డాలరు ఇస్తే చాలు, అడుగుతున్న మిగతా సొమ్మంతా తన పేరుకూ, తాను తిరిగి వచ్చాడన్న వార్తతో పత్రికల్లో వాళ్ళకు దక్కబోయే ప్రచారానికీ అని. నడపడంలో విఫలమైతే వాళ్ళు పోగొట్టుకునేది డాలరు మాత్రమేనన్నది అతని లెక్క.

ఆ లెక్క అతనికి కొత్త కాదు. 1976 ఆగస్టు 1న న్యూర్‌బర్గ్‌రింగ్‌లో కారు అంటుకుని తల, చెవి కాలిపోగా, ఆరు వారాలకే మోంజాలో మళ్ళీ కారెక్కి నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ మచ్చలు కప్పుకోవడానికి పెట్టుకున్న ఎర్ర టోపీ ముందు భాగాన్ని పార్మలాట్ అనే ఇటలీ పాల కంపెనీకి అమ్మాడు. కెమెరాలు ఎలాగూ తన నుదుటి వైపే చూస్తాయి కనుక ఆ చోటుకు అద్దె వసూలు చేశాడన్నమాట. ఇందులో తప్పుపట్టవలసింది నాకేమీ కనిపించదు. తన దగ్గరున్నదేమిటో తెలిసి, దాని ధర తానే చెప్పి అమ్మినవాడు ఎవరికీ మోసం చేయలేదు.

లౌడా తిరిగి వచ్చిన సీజను తొలి రేసు 1982 జనవరిలో దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో జరగవలసి ఉంది. మోటారు రేసుల అంతర్జాతీయ సమాఖ్య డ్రైవర్లకు కొత్తగా సూపర్ లైసెన్సు (ఫార్ములా వన్ నడపడానికి కావలసిన అనుమతి) పెడుతూ ఒక దరఖాస్తు ఫారం పంపింది. చాలామంది చదవకుండానే సంతకం పెట్టారు, లౌడా చదివాడు. ఏ జట్టుకు ఎంతకాలం కట్టుబడి ఉన్నాడో డ్రైవరు లైసెన్సు కాగితంలోనే ఒప్పుకోవాలన్న నిబంధన అందులో ఉంది. జట్టుతో చెడితే మరో జట్టుతో బేరమాడే వీలు ఉండదు, ఎందుకంటే లైసెన్సే ఆ జట్టుతో ముడిపడి ఉంటుంది. లౌడా, అప్పటి డ్రైవర్ల సంఘం అధ్యక్షుడు దిదియే పిరోనీ కలిసి తోటివాళ్ళను ఒక బస్సెక్కించి జోహాన్నెస్‌బర్గ్‌లోని సన్నీసైడ్ పార్క్ హోటలుకు తీసుకుపోయారు. జట్ల యజమానులు ఒక్కొక్కరినే పిలిచి లొంగదీయకుండా అందరూ ఒకే హాల్లో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. వాళ్ళలో ఒకడైన ఎలియో డి ఏంజెలిస్ అక్కడున్న పియానో వాయించి కాలక్షేపం చేయించాడు. మర్నాడు రాజీ కుదిరింది, రేసు జరిగింది, అలెన్ ప్రాస్ట్ గెలిచాడు, తరువాత జరిమానాలూ పడ్డాయి.

ఆ సమ్మెను డ్రైవర్ల అహంకారంగా అప్పట్లో కొందరు రాశారు. నిజానికి వాళ్ళు కంపెనీల వేడుకలకు వెళ్ళం అనలేదు, విలేకరులతో మాట్లాడం అనలేదు. ఎవరితో ఏమి ఒప్పుకోవాలో తామే తేల్చుకుంటామన్నారు. ఒక్క డాలరు బేరాన్నీ ఈ సమ్మెనూ పక్కపక్కన పెట్టి చూస్తే డ్రైవర్ల వాదన స్పష్టంగా కనిపిస్తుంది: మా సమక్షానికి ధర ఉంది, ఆ ధర కాగితం మీద ఉండాలి, కాగితం మీద లేనిది బాకీ కాదు. అంతకు ముందే 1976లో జేమ్స్ హంట్ అనే డ్రైవరు మెక్‌లారెన్‌లో చేరుతూ, స్పాన్సరు వేడుకలకు సూటు వేసుకు రావాలన్న షరతును ఒప్పందం నుంచి తీయించుకున్నాడన్న కథ ప్రచారంలో ఉంది. నిజమైతే అతనూ వెళ్ళనని అనలేదు, వేషం గురించే పేచీ పెట్టాడు.

స్పాన్సర్ల మాట కూడా చెప్పుకోవాలి. డబ్బు పెట్టేవాడు లేనిదే కారు గ్యారేజీ దాటదు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ వెనుక టాటాల అండ ఉంది. కార్టింగు అనే చిన్న కార్ల రేసుల నుంచి పైకి రావాలనుకునే పిల్లవాడు షోరూము ప్రారంభోత్సవానికి పిలిస్తే కాదనలేడు. ఒప్పందంలో ఇన్ని రోజులు మావి అని రాసుకున్న కంపెనీ ఆ రోజులు అడగడం న్యాయమే, దాని మీద డ్రైవర్లు కూడా పెద్దగా గొడవ పడరు. గొడవ వచ్చేది ఆ కాగితంలో లేని మూడోవాడు అడిగినప్పుడు.

2021 డిసెంబరు 12న అబుదాబిలో చివరి ల్యాపులో టైటిల్ చేజారిన లూయిస్ హామిల్టన్, నాలుగు రోజుల తరువాత పారిస్‌లో సమాఖ్య జరిపిన బహుమతుల సభకు వెళ్ళలేదు. మొదటి మూడు స్థానాల వారు హాజరు కావాలని నిబంధన ఉంది కనుక 50,000 యూరోల జరిమానా పడింది. ఆ సభకు అభిమానులు టికెట్టు కొని వెళ్ళరు, అందులో ఏ కంపెనీ సరుకూ అమ్ముడుపోదు. 2024 సెప్టెంబరులో సింగపూర్‌లో మాక్స్ వెర్‌స్టాపెన్ అధికారిక విలేకరుల సమావేశంలో తన కారును బూతుమాటతో వర్ణించినందుకు సమాజసేవ చేయాలని శిక్ష వేశారు. మర్నాటి సమావేశానికి అతను వచ్చాడు, కూర్చున్నాడు, ముక్తసరిగా ఒకటి రెండు మాటల్లో జవాబులిచ్చాడు. తరువాత గది బయటికొచ్చి, ఇక్కడ అడగండి చెబుతానని అదే విలేకరులతో తీరిగ్గా మాట్లాడాడు. నిబంధన అడిగిన హాజరు నిబంధనకే ఇచ్చి, మాట మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. 2025 మార్చిలో కెన్యా సఫారీ ర్యాలీలో ప్రపంచ ర్యాలీ డ్రైవర్లు ఇదే పని సామూహికంగా చేశారు. అంతకు ముందు నెలలో టీవీ ఇంటర్వ్యూలో నోరు జారిన తోటి డ్రైవరుకు జరిమానా వేసినందుకు నిరసనగా, స్టేజీ చివర మైకు పెడితే కొందరు పెదవి విప్పలేదు, కొందరు తమ మాతృభాషలోనే జవాబిచ్చారు.

మరి అభిమాని మాటేమిటి? డ్రైవరును ఏదైనా వేదిక ఎక్కించాలనుకున్న ప్రతివాడూ తీసే పేరు అభిమానిదే. 2023 నవంబరులో లాస్ వేగాస్ రేసుకు ముందు డ్రైవర్లను ఎత్తులేచే వేదికల మీద నిలబెట్టి దీపాల మధ్య ప్రదర్శించారు. ఇది తొంభైతొమ్మిది పాళ్ళు ప్రదర్శన, ఒక పాలు క్రీడ అని వెర్‌స్టాపెన్ విసుక్కుంటే అభిమానుల మీద గౌరవం లేదన్నారు. మర్నాడు తొలి ప్రాక్టీసు మొదలైన కొద్ది నిమిషాలకే రోడ్డు మీది మూత ఒకటి లేచి కార్లోస్ సైన్జ్ ఫెరారీని అడుగు నుంచి చీల్చింది. రెండో ప్రాక్టీసు తెల్లవారుజామున రెండున్నరకు గానీ మొదలు కాలేదు, అప్పటికే స్టాండ్లలోని జనాన్ని బయటికి పంపించేశారు. ఆ ఒక్కరోజుకే టికెట్టు కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వకుండా, అధికారిక దుకాణంలో సరుకు కొనుక్కోవడానికి 200 డాలర్ల కూపను ఇచ్చారు. అభిమానికి ఆ రాత్రి బాకీ పడింది ఎవరో చెప్పడానికి పెద్ద విచారణ అక్కరలేదు.

మన దేశంలో ఇందుకు పూర్తిగా తిరగబడిన ఘటన జరిగింది. 2013 అక్టోబరు 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో గెలిచి నాలుగో టైటిల్ సాధించిన సెబాస్టియన్ వెటెల్, నియమం ప్రకారం కారును తనిఖీ స్థలానికి తీసుకుపోకుండా ప్రధాన స్టాండు ముందు గిరగిరా తిప్పి పొగ లేపాడు, దిగి కారుకు వంగి దండం పెట్టాడు, కంచె ఎక్కి చేతి తొడుగులు జనంలోకి విసిరాడు. అతనికి మందలింపు, జట్టుకు 25,000 యూరోల జరిమానా దక్కాయి. ఆ సర్క్యూట్‌లో మూడేళ్ళపాటు జరిగిన ఫార్ములా వన్‌లో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది నిబంధనలు నిషేధించిన ఆ కొద్ది నిమిషాల గురించే.

అభిమానికి నిజంగా అధికారం ఇచ్చి చూసిన పోటీ ఫార్ములా ఈ, అంటే విద్యుత్ కార్ల రేసు. 2014 నుంచి 2022 వరకు అక్కడ ఫ్యాన్‌బూస్ట్ అనే పద్ధతి ఉండేది. సామాజిక మాధ్యమాల్లో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న డ్రైవర్లకు రేసులో కొన్ని క్షణాలు అదనపు విద్యుత్ శక్తి వాడుకునే వీలు దక్కేది. అంటే ప్రచారానికి దూరంగా ఉండే డ్రైవరు తోటివాడికన్నా తక్కువ శక్తితో నడపవలసి వచ్చేది. ఎవరు ఎక్కువ మందికి నచ్చారన్నది ఎవరు వేగంగా నడిపారన్నదానిలో కలిసిపోయిందన్న విమర్శల మధ్య ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగేనాటికి అది లేదు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. మద్దిలపాలెంలో గ్యారేజీ నడిపే నా మిత్రుడు ఒకడు ఆ రేసుకు వెళ్ళొచ్చాడు. ఆటోగ్రాఫు సంగతి అడిగితే నవ్వాడు. తనకు కావలసింది మలుపు దగ్గర బ్రేకు ఎక్కడ వేస్తున్నారో కనబడేంత దగ్గరగా నిలబడే చోటు అన్నాడు.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ అజిత్ కుమార్. 2011లో తన అభిమాన సంఘాలన్నీ రద్దు చేసి, సినిమా ప్రచార సభలకు ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న ఈ నటుడు, సొంత జట్టు పెట్టుకుని 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు వెళ్ళినప్పుడు విలేకరులతో ధారాళంగా మాట్లాడాడు. సినిమాకు రానివాడు రేసుకు ఎలా వచ్చాడని కొందరు నిర్మాతల తరఫున నిష్ఠూరాలాడారు. ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో తానే తేల్చుకోవడం క్యాలామీ రేసుకు ముందు జోహాన్నెస్‌బర్గ్ హోటల్లో పరుపుల మీద పడుకున్నవాళ్ళు అడిగిన హక్కే.

విశాఖ అభిమానికి రైల్లో వెళ్ళి చూసి రాగలిగే దూరంలో, హైదరాబాదులో వరుసగా రెండో ఏడాది ఫార్ములా ఈ రేసు జరగవలసి ఉండగా, 2024 జనవరిలో నిర్వాహకులు దాన్ని రద్దు చేశారు. ఆతిథ్య ఒప్పందాన్ని తెలంగాణ పురపాలక శాఖ నెరవేర్చలేదన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఆ రేసుకు జరిగిన చెల్లింపుల మీద ఏసీబీ అదే ఏడాది డిసెంబరులో కేసు నమోదు చేసింది. హైదరాబాదుకు రానని అన్న డ్రైవరు అందులో ఎవరూ లేరు.