ఫోన్‌లో గీత, పొలంలో గట్టు: భూమి కొలతపై అపోహలు - వాస్తవాలు

ఒకే రకం స్క్రీన్‌షాట్లు నాకు వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి. శాటిలైట్ ఫొటో, దాని మీద పసుపు గీతలు, మధ్యలో సర్వే నంబర్, పక్కన వేలితో గీసిన ఎర్ర బాణం. కింద ప్రశ్న: "సార్, మన హద్దు పక్కాయన చేలో ఉంది. ఎన్ని గుంటలు పోయిందో కొంచెం చూసి చెప్పండి." చూసి ఏం చెప్పను? ఫోన్‌లో చూసి తేల్చే పనైతే నేను ఏప్రిల్ ఎండలో రోవర్ కర్ర (ఉపగ్రహ సంకేతాలతో చోటు చెప్పే పరికరం) మోసుకుని గట్లు పట్టుకుని తిరగడం ఎందుకు?

నేను మధిర వైపు ప్రైవేటుగా సర్వే చేస్తాను. కాస్త ముందుకెళ్తే జగ్గయ్యపేట, కాబట్టి రెండు రాష్ట్రాల కాగితాలూ చేతికొస్తాయి. ఇటు తెలంగాణలో టిప్పన్ (సర్వే నంబర్ కొలతలు రాసిన పాత బొమ్మ), సేత్వార్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు), పహాణీ (సాగు ఎవరిదో రాసే రికార్డు). అటు ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ కొలతల పటం), అడంగల్ (పహాణీ లాంటిదే), ఇప్పుడు కొత్తగా ఎల్‌పీఎం (రీసర్వే తర్వాత ఇచ్చే భూమి పటం). ఎటైనా పని ఒకటే. కాగితంలోనో కంప్యూటర్‌లోనో ఉన్న పొలాన్ని నేల మీద వెతికి పట్టుకోవాలి. ఆ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే జనం డబ్బులు, స్నేహాలు, కొన్నిసార్లు అన్నదమ్ముల మాటలు కూడా పోతున్నాయి. అందుకే ఈ మొదటి అపోహ గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: యాప్‌లో నా సర్వే నంబర్ గీత కనిపిస్తోంది, అదే నా హద్దు.

కాదు. ఆ తెర మీద మూడు వేర్వేరు వస్తువులు ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. అడుగున శాటిలైట్ ఫొటో, దాని మీద ఎప్పటిదో గ్రామ పటం, అన్నిటికీ పైన మీ ఫోన్ చూపించే నీలి చుక్క. మూడింటిలోనూ తేడాలున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో వైపుకు.

ముందు ఫొటో. శాటిలైట్ ప్రతిసారీ సరిగ్గా నెత్తిమీద నుంచే తీయదు, ఏటవాలుగా కూడా తీస్తుంది. దాన్ని సరిచేసి నేలకు అమర్చినా కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. నా మాట మీద నమ్మకం లేకపోతే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, మీ బావి మీద ఒక గుర్తు పెట్టి, పాత సంవత్సరాల ఫొటోలు ఒక్కొక్కటే మార్చి చూడండి. చాలా చోట్ల బావి గుర్తు కింద నుంచి పక్కకు జరుగుతుంది. బావి నడవదు కదా.

తర్వాత పటం. పాత గ్రామ పటాలు గొలుసుతో కొలిచి, చేత్తో గీసినవి. 1:3960 స్కేల్ పటం మీద అర మిల్లీమీటరు మందం గీత ఉందంటే నేల మీద దాని వెడల్పు దాదాపు రెండు మీటర్లు. 1:7920 అయితే నాలుగు మీటర్లు. అంటే హద్దు గీత మందమే మీ గట్టు కన్నా వెడల్పు! ఆ కాగితం దశాబ్దాల పాటు మడతలు పడి, చెమ్మ తగిలి, ఆ తర్వాత స్కానర్‌లోకి వెళ్ళింది. గీసినవాళ్ళకు అక్షాంశాలు, రేఖాంశాలతో పనిలేదు. వాళ్ళు ఈ రాయి నుంచి ఆ రాయికి ఎంత అని మాత్రమే రాశారు. ఇప్పుడు దాన్ని ఉపగ్రహ చిత్రానికి అతికించాలంటే నాలుగైదు చోట్ల చెరువు మూల, బాట కలిసే చోటు లాంటివి చూసుకుని, తడి పంచెను నలుగురు నాలుగు కొసలు పట్టుకుని లాగినట్టు లాగుతారు. కొసల దగ్గర సరిపోతుంది. మధ్యలో మీ చేను ఎటు సాగిందో ఎవరు చూశారు?

ఇక నీలి చుక్క. ఆకాశం తెరిపిగా ఉన్న చోట మామూలు ఫోన్ జీపీఎస్‌కు ఐదు మీటర్ల తేడా సహజం. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా ఎక్కువ. ఐదు మీటర్లే కదా అనకండి. వంద మీటర్ల పొడవున్న హద్దు ఐదు మీటర్లు జరిగితే 500 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు ఐదు గుంటలు, పన్నెండు సెంట్ల పైమాటే. పక్కవాడు ఆక్రమించాడని మీరు స్క్రీన్‌షాట్‌లో చూపించే ముక్క చాలాసార్లు ఇంతే ఉంటుంది.

ఒక కేసు చెప్తాను, ఊరు పేరు వద్దు. పెద్దాయన మిర్చి రైతు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఆ అబ్బాయి ఒక రాత్రి యాప్‌లో పొలం చూసి, పడమటి గీత పక్కాయన మిర్చిలో ఉందని కనిపెట్టి, ఫోన్ చేసి తండ్రికి చెప్పాడు. "నాన్నా, ఇన్నేళ్ళుగా వాళ్ళు మన భూమి తింటున్నారు." పెద్దాయనకు ఆ రాత్రి నిద్ర లేదు. కొడుకు చదువుకున్నవాడు, కంప్యూటర్ తెలిసినవాడు, తప్పు చెప్తాడా? రెండో రోజు జేసీబీ వచ్చింది. పాత గట్టు తీసేసి కొత్తది వేశారు. ఆ ఊపులో మూడు సర్వే నంబర్లు కలిసే చోట ఉన్న పాత రాయి కూడా లేచిపోయింది. పక్కాయన పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాడు. నన్ను పిలిచింది ఆ తర్వాత.

టిప్పన్ తీసుకుని, దూరంగా మిగిలిన రాళ్ళ నుంచి, పాత బావి దగ్గర నుంచి కొలుచుకుంటూ వస్తే పాత గట్టు దాదాపు సరైన చోటే ఉండేదని తేలింది. యాప్‌లో పడమటి గీత ఎంత జరిగిందో తూర్పు గీత కూడా అంతే జరిగింది. అంటే అదే యాప్ లెక్కన తూర్పు వైపు ఈ పెద్దాయనే వేరేవాళ్ళ భూమిలో ఉన్నట్టు. కానీ ఆ వైపు ఎవరూ చూడలేదు. ఎవరూ చూడరు కూడా, మనకు పోయిన వైపే కంటికి కనిపిస్తుంది. ఆ అబ్బాయిని నేను తిట్టలేదు. అంత దూరంలో కూర్చున్నవాడికి ఊళ్ళో తండ్రి ఒక్కడే ఉన్నాడన్న బెంగ, భూమి పోతుందన్న టెన్షన్ ఉంటాయి. ఆ తెర చూపించేది వాళ్ళకు పొలం చూసినంత నిజం. నా కోపమంతా "ఇంచు తేడా లేకుండా మీ హద్దు తెలుసుకోండి" అని వీడియోలు చేసేవాళ్ళ మీద.

కాబట్టి గీత తేడాగా కనిపిస్తే చేయాల్సింది ఇది. గట్టు ముట్టుకోవద్దు. రాయి అసలే ముట్టుకోవద్దు. సర్కారు పాతిన హద్దు రాయి కదిలించడం నేరం, జైలు శిక్ష కూడా ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ రాయి మీకు సాక్షి. దాన్ని పీకేస్తే మీ వైపు మాట్లాడేదాన్ని మీరే పోగొట్టుకున్నట్టు. మీ సర్వే నంబర్‌కు టిప్పన్ లేదా ఎఫ్‌ఎంబీ నకలు తీసుకోండి. అందులో రాసి ఉన్న కొలతలే ఆధారం, బొమ్మ ఆకారం కాదు. టిప్పన్ బొమ్మ స్కేల్‌కు గీసింది కూడా కాదు. దాని మీద స్కేలు పెట్టి కొలిచి "ఇక్కడ తేడా ఉంది సార్" అనేవాళ్ళూ ఉన్నారు. తగాదా ముదిరేలా ఉంటే మండల సర్వేయర్‌తో ఎఫ్-లైన్ (హద్దు తేల్చే సర్కారు కొలత) కోసం దరఖాస్తు పెట్టండి. చుట్టుపక్కల రైతులకు నోటీసు వెళ్ళాలి, వాళ్ళ ఎదుటే కొలవాలి, పంచనామా రాయాలి.

అపోహ: రోవర్ పెట్టి కొలిచారు, ఇక తిరుగులేదు.

రోవర్ మంచి పరికరం. కోర్స్ స్టేషన్ల (ఒకే చోట స్థిరంగా ఉండే రిసీవర్ కేంద్రాలు) నుంచి సవరణ సంకేతం అందుతూ, తెర మీద 'ఫిక్స్' అని ఉంటే రెండు మూడు సెంటీమీటర్లలో చెప్తుంది. 'ఫ్లోట్' అని ఉంటే ఆ రీడింగ్ నమ్మొద్దు. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో ఆకుల కింద ఫిక్స్ రావడం గగనం. అక్కడ బయట రెండు పాయింట్లు తీసుకుని ఈటీఎస్‌తో (కాంతి కిరణంతో దూరం, కోణం కొలిచే యంత్రం) లోపలికి రావాలి. పక్కనే నిలబడి 'ఫిక్స్ వచ్చిందా' అని అడగండి, నిజమైన సర్వేయర్ విసుక్కోడు.

అయితే ఫిక్స్ వచ్చినా రోవర్‌కు తెలిసింది ఆ కర్ర మొన ఎక్కడుందో అంతే. అక్కడ హద్దు ఉండాలా వద్దా అన్నది దానికి తెలియదు. ఆ సంగతి టిప్పన్‌లో, దస్తావేజు చెక్కుబందీలో (నాలుగు వైపులా ఏముందో రాసిన హద్దుల వివరం), మిగిలిన రాళ్ళలో, ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళ నోట ఉంటుంది. తప్పు రాయి నుంచి మొదలుపెడితే రోవర్ ఆ తప్పును సెంటీమీటర్ తేడా లేకుండా పొలమంతా పరుస్తుంది.

శాటిలైట్లు పైనుంచి మీ పొలాన్ని చూసి కొలుస్తాయన్నది ఇంకో పుకారు. రోవర్ వాడుకునే ఉపగ్రహాలకు కెమెరా లేదు. అవి సమయాన్ని, తాము ఎక్కడున్నామో ఆ సమాచారాన్ని సంకేతంగా పంపుతాయి. కనీసం నాలుగింటి సంకేతం అందితే కింద ఉన్న పరికరం తన చోటు తానే లెక్కేసుకుంటుంది. ఫొటోలు తీసేవి వేరే ఉపగ్రహాలు.

అపోహ: డ్రోన్ తిరిగింది, రీసర్వే అయిపోయింది, మనం వెళ్ళక్కర్లేదు.

2020 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ రీసర్వే మొదలైంది మా పక్కనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో. డ్రోన్ తీసిన చిత్రంలో గట్లు కనిపిస్తాయి. కానీ గట్టు ఎవరిదో, ఇద్దరు అన్నదమ్ములు గట్టు వేసుకోకుండా నోటి మాటతో పంచుకున్నదో డ్రోన్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే తర్వాత గ్రౌండ్ ట్రూతింగ్ అని నేల మీదకు వస్తారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి ఆ నోటీసును పట్టించుకోనివాళ్ళు, తర్వాత జాయింట్ ఎల్‌పీఎంలో (చాలామంది భూమికి కలిపి ఇచ్చే ఒకే పటం) పదిమంది పేర్ల మధ్య తమ పేరు చూసుకుని నాకు ఫోన్ చేస్తారు. ఆ రోజు పొలంలో నిలబడితే సగం పని అయ్యేది.

అపోహ: పాస్‌బుక్‌లో ఇంత ఉంది, నేల మీద ఇంతే రావాలి.

రావాలని రూలేం లేదు. ఒకే సర్వే నంబర్‌లో అందరి పాస్‌బుక్కులూ కూడితే అసలు నంబర్ విస్తీర్ణం కన్నా ఎక్కువ వచ్చిన చోట్లు నా చేతిలోనే ఎన్నో ఉన్నాయి. బాటకు పోయింది, కాలువకు పోయింది, ఖరాబు (సాగుకు పనికిరాని నేల) ఉంది, ఎప్పుడో అమ్మినాయన ఉన్నదానికన్నా ఎక్కువ రాసిచ్చాడు. ఇలా ఏదైనా కారణం కావచ్చు. తగాదా వచ్చినప్పుడు కోర్టులు సాధారణంగా విస్తీర్ణం అంకె కన్నా చెక్కుబందీకే ఎక్కువ విలువ ఇస్తాయి. కొనేటప్పుడు అంకె చూసి బేరమాడి, నాలుగు హద్దుల పేర్లు చదవకుండా సంతకం పెడతారు. అక్కడ వస్తుంది ఇబ్బంది.

అంకె చదవడంలోనూ తేడా ఉంది. తెలంగాణలో 2.10 అంటే రెండు ఎకరాల పది గుంటలు. ఆంధ్రలో అదే 2.10 రెండు ఎకరాల పది సెంట్లు. పది గుంటలంటే పాతిక సెంట్లు, అంటే మధ్యలో 726 గజాల తేడా. ఇటు నిజాం కాలం గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. ఆ గొలుసు చదరం ఒక గుంట, 121 గజాలు. అటు గొలుసు 66 అడుగులు, 100 లింకులు. విజయవాడ నుంచి వచ్చి మా వైపు 2.30 కొన్న ఒకాయన, కొలత అయ్యాక నన్ను పక్కకు తీసుకెళ్ళి, "రెండెకరాల డెబ్భై అయిదు సెంట్లు వచ్చింది, అమ్మినాయనకు చెప్పకండి" అని మెల్లగా అన్నాడు. ముప్పై గుంటలంటే డెబ్భై అయిదు సెంట్లే అని చెప్పేసరికి మొహం వాడిపోయింది. పాపం, ఒక గంట సేపు సంతోషపడ్డాడు.

మిగిలినవి గబగబా.

ప్రైవేటు సర్వేయర్ పాతిన రాయి చెల్లదా? మీ అవగాహనకు, ఇరువైపులా ఒప్పుకుంటే రాజీకి పనికొస్తుంది. తగాదాలో నా కాగితం ఒక్కటే పట్టుకుని వెళ్తే చాలదు, మండల సర్వేయర్ కొలత కావాలి. పక్కవాళ్ళను పిలవకుండా ఆదివారం గుట్టుగా కొలిచిపెట్టమంటే నేను రాను.

రీసర్వేలో భూమి తగ్గింది కాబట్టి ఎవరో కాజేశారా? కావచ్చు, కాకపోవచ్చు. పాత గొలుసు లింకులు వంగి పొట్టిదై ఉండొచ్చు, మిట్టపల్లాల్లో నేల వాలు వెంట కొలిచి ఉండొచ్చు. పది డిగ్రీల వాలు మీద వంద మీటర్లు నడిస్తే మట్టంగా వచ్చేది తొంభై ఎనిమిదిన్నరే. ముందు తేడా ఏ వైపు వచ్చిందో చూడండి, తర్వాత మనిషిని అనుమానించండి.

భూమికి ప్రత్యేక నంబర్ వస్తే గొడవలు తీరతాయా? నంబర్ ఇచ్చేది ఒక బొమ్మకు. బొమ్మ తప్పైతే నంబరూ ఆ తప్పు బొమ్మకే అతుక్కుంటుంది.

ఫోన్ యాప్ అసలు పనికిరాదా? ఎందుకు రాదు. కొనబోయే పొలం ఏ ఊరి శివారులో ఉందో, దారి ఉందో లేదో, చెరువు శిఖంలో (నీళ్ళు నిలిచే నేల) ఉందేమో అని మొదటి చూపు చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. నేనూ వాడతాను, పొలానికి దారి వెతుక్కోవడానికి.

కొలత కోసం పిలిచేవాళ్ళు దస్తావేజు, టిప్పన్ లేదా ఎఫ్‌ఎంబీ నకలు దగ్గర పెట్టుకోండి. ఆ రాళ్ళ సంగతి తెలిసిన ముసలివాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పూట పొలానికి తీసుకురండి. పత్తి తీత, మిర్చి కోత అయ్యాక పిలవడం మేలు. నిలువెత్తు చేలో కర్ర పట్టుకుని తిరిగితే పంట విరుగుతుంది, ఆ కోపం కూడా పక్కవాళ్ళకు నా మీదే వస్తుంది.