ముప్పైరెండు బోరు తూటా సరిపోతుందా? ఈ ప్రశ్న వెనక నూట పాతికేళ్ల కథ

మా మావయ్య ఆర్మీలో సుబేదారుగా రిటైరై విజయనగరంలో ఉంటున్నాడు. లైసెన్సు ఉన్న .32 రివాల్వర్ ఒకటి ఉంది ఆయన దగ్గర. .32 అంటే గొట్టం లోపలి వెడల్పు, అదే బోరు, అంగుళంలో నూటికి దాదాపు ముప్పైరెండు వంతులు. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు కదా, అలా ఒకసారి బయటికి తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. తోలు బెల్టు లూపుల్లోంచి ఆరు రౌండ్లూ, అంటే తూటాలూ, ఒక్కొక్కటే లాగి పేపరు మీద నిలబెట్టాడు. మూడింటికి చిలుము పట్టింది, తోలు తగిలినంత మేరా ఇత్తడి చుట్టూ పచ్చగా, ఉంగరం తొడిగినట్టు.

"ఇవి పేల్తాయేటి మావయ్యా?" అన్నాను.

"పేలినా ఈ ముప్పైరెండుకి మనిషి ఆగుతాడేటిరా" అన్నాడు.

రెండు ప్రశ్నలు. తుపాకీ ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చున్నా రెండోదాని గురించే మాట్లాడతారు, మొదటిది ఎవరూ ఎత్తరు. రెండోదానికి పెద్ద చరిత్రే ఉంది కాబట్టి ముందు అదే చెప్తాను.

ఈ .32 తూటా 1896లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తెచ్చింది. మనకి ఇదే ఎందుకు దిక్కయిందంటే, 9 ఎం.ఎం., .303 లాంటి సైన్యం, పోలీసుల బోర్లను మన చట్టం నిషిద్ధ బోర్లలో పెట్టింది, మామూలు మనిషికి రివాల్వర్ అంటే ఎక్కువగా .32 దగ్గరే ఆగాలి. కాన్పూర్ ఆయుధ కర్మాగారం బ్రిటిష్‌వాళ్ల .38 వెబ్లీ మార్క్ 4 నమూనా తీసుకుని దాన్నే .32కి మార్చి చేసింది. 2014లో ఆడవాళ్ల కోసమని అర కిలో బరువుతో తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ కూడా .32నే. ఈ తూటా శక్తి దాదాపు 150 జౌళ్లు, 9 ఎం.ఎం.తో పోలిస్తే మూడో వంతు. మావయ్య సందేహానికి మూలం ఆ అంకెలోనే ఉంది.

తూటా మనిషిని ఆపడం లేదన్న గొడవ మన దేశంలోనూ గట్టిగానే నడిచింది. 1895లో చిత్రాల్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) యుద్ధంలో .303 రైఫిల్ తూటా సన్న రంధ్రం చేసి దూరిపోతోంది, తగిలినవాడు ఇంకా మీదకి వస్తున్నాడు అని బ్రిటిష్ సైనికులు ఫిర్యాదు చేశారు. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే అనే అధికారి తూటా మొనమీద లోహపు తొడుగు తీసేసి సీసం బయటికి కనపడేలా చేయించాడు, తగలగానే అది పువ్వులా విచ్చుకునేది. ఆ గాయాలు ఎంత ఘోరంగా ఉండేవంటే 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని యుద్ధంలో అలాంటి తూటాలు వాడకూడదని ప్రకటన చేశాయి.

అమెరికావాళ్లకి ఇదే తలనొప్పి ఫిలిప్పీన్స్‌లో వచ్చింది. .38 రివాల్వర్‌తో కాల్చినా అక్కడి దక్షిణ దీవుల ముస్లిం యోధులు, మోరోలు, ఆగలేదు. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో పశువుల కబేళాకి వెళ్లి, బతికున్న పశువుల్ని రకరకాల తూటాలతో కాల్చి ఎంతసేపటికి పడుతున్నాయో చూశారు, మనుషుల శవాల మీదా కాల్చారు. చదువుతుంటే కడుపులో తిప్పే పరీక్ష అది. ఒక్కో పశువుకి ఒక్కోచోట తగిలింది, కాల్చిన లెక్కా ఒకటి కాదు, అయినా .45కి తక్కువ పనికిరాదని తేల్చేశారు. "పెద్ద బోరు ఉంటే చాలు" అన్న నమ్మకం అక్కడ గట్టిపడింది, ఇప్పటికీ పోలేదు.

1970ల్లో లెక్క తిరగబడింది. మనిషి కండకి బదులు వాడే జెలటిన్ దిమ్మలో తూటా దూసుకుపోయే క్షణంలో ఉబ్బే గుంతని కొలిచి, కంప్యూటర్‌లో వేసి తూటాలకి ర్యాంకులిచ్చారు. ఆ లెక్కలో తేలికైన, వేగంగా పోయే తూటాలు పైకొచ్చాయి. దాని ఫలితం 1986 ఏప్రిల్ 11న మయామీలో కనపడింది. ఇద్దరు దొంగలతో ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) ఏజెంట్ల కాల్పుల్లో అలాంటి తేలికైన 9 ఎం.ఎం. తూటా ఒకటి దొంగ చేతిలోంచి ఛాతీలోకి దూరి గుండెకి అంగుళం ఇవతల ఆగిపోయింది. వాడు ఇంకా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చివరికి చెయ్యి విరిగిన ఒక ఏజెంటు రివాల్వర్‌తో, .38 తూటాలతో దాన్ని ముగించాడు.

అప్పుడు వినపడింది మార్టిన్ ఫ్యాక్లర్ మాట. వియత్నాంలో తూటా గాయాలకి ఆపరేషన్లు చేసిన సర్జన్ ఆయన. రివాల్వర్, పిస్టల్ తూటాలు చేసే ఆ క్షణపు ఉబ్బు పెద్దగా లెక్కలోకి రాదు, తూటా చీల్చిన దారి, అది పోయిన లోతు, అది తగిలిన చోటు, ఇవే లెక్క అన్నాడు. పదిశాతం జెలటిన్ కలిపి 4 డిగ్రీల చలిలో ఉంచి, ముందు చిన్న స్టీలు గుండు కాల్చి అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగిందో లేదో చూసుకున్నాకే అసలు తూటా కాల్చాలి. ఎఫ్‌బీఐ దాన్నే పట్టుకుని కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు అని గీత గీసింది. మందపాటి బట్టలు, ప్లైవుడ్, కారు అద్దం వెనక పెట్టి కూడా పరీక్షిస్తారు. మన ఎండలో బయట పెట్టిన జెలటిన్ మెత్తబడి తూటా ఉన్నదానికంటే లోతుకి పోయినట్టు చూపిస్తుంది, ఇక పుచ్చకాయ పగలగొట్టే వీడియోలు చూసి తూటా కొనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: పుచ్చకాయలో కండా లేదు, ఎముకా లేదు.

రివాల్వర్ దగ్గర ఇంకో చిక్కుంది. పొట్టి బ్యారెల్‌లోంచి వచ్చే తూటాకి వేగం తక్కువ, విచ్చుకోవడానికని మొనలో గుంత పెట్టిన తూటా అందులో బట్ట పీలిక ఇరుక్కుంటే అసలు విచ్చుకోదు, విచ్చుకుంటే లోతుకి పోదు. .32 లాంటి చిన్నదాంట్లో రెండూ కావాలంటే కుదరదు, లోతే ముఖ్యం. గురి తప్పితే ఆ లోతే పక్కింటివాళ్లకి ప్రమాదం, మా వీధిలో ఇళ్లకి మధ్యగోడ ఒక్కటే.

ఇంత చరిత్ర తిరిగొచ్చినా మావయ్య పేపరు మీదున్న మూడు పచ్చ రౌండ్లకి ఇదేదీ పనికిరాదు. తోలులో ఉండే ఆమ్లం ఇత్తడిని తింటుంది, సముద్రపు గాలి దానికి తోడవుతుంది, తుపాకీకి రాసిన నూనె ప్రైమర్‌లోకి (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూత) దిగితే తూటా చచ్చిపోవచ్చు. రివాల్వర్‌లో ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది, నిజమే. కానీ ఆలస్యంగా పేలే రౌండు కూడా ఉంటుంది, అందుకే ప్రాక్టీసులో పేలనప్పుడు గొట్టం అటే పట్టుకుని అర నిమిషమైనా ఆగమంటారు. మావయ్య ఆఖరిసారి రివాల్వర్ కాల్చి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. నాకు టెన్షన్ అక్కడే.

స్టేషన్‌కి వెళ్లినప్పుడు పచ్చబడ్డ మూడూ విడిగా కాగితంలో చుట్టి తీసుకెళ్లాడు. రైటర్‌కి చూపించి, రాయించి, అక్కడే అప్పగించేశాడు. లైసెన్సు పుస్తకంలో తూటాల లెక్క ఇప్పుడు మూడు.