‘గ్రూపులో పెట్టేశాం కదా!’ బెంగళూరులో సోషల్ మీడియా: అపోహలు, వాస్తవాలు

వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ సంఘం, మారతహళ్లిలో కర్రీ పాయింట్, ఎమ్మెల్యే కార్యాలయం. ముగ్గురూ తడబడేది ఒక్కచోటే. పోస్టు పెట్టగానే పని అయిపోయిందనుకుంటారు. పాతరోజుల్లో టముకు వేసేవాడికి కూడా ఏ వీధికి వినపడలేదో తెలిసేది. ఫోనులో వేసే టముకుకి ఆ సౌకర్యం లేదు, మనమే వెతికి చూసుకోవాలి.

అపోహ: బ్రాడ్‌కాస్ట్ లిస్టులో వేస్తే అందరికీ వెళ్లిపోతుంది.

వెళ్లదు. వాట్సాప్‌లో ఒక్కో లిస్టుకి 256 మందే. పైగా మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. వాళ్ల నంబరు మీ దగ్గరుంటే చాలదు. చేరలేదని ఏ హెచ్చరికా రాదు. సందేశాన్ని నొక్కిపట్టి ‘ఇన్ఫో’ చూస్తే, ‘డెలివర్డ్’ కింద కొన్ని పేర్లు కనిపించవు, అంతే. నెలకోసారైనా అది చూడాలి.

సేవ్ చేయించడానికి మంచి దారి: కౌంటర్ దగ్గర వాట్సాప్ బిజినెస్ యాప్ ఇచ్చే క్యూఆర్ కోడ్ అతికించి, కస్టమర్ చేతే మొదటి ‘హాయ్’ పంపించండి. వెంటనే వెళ్లే గ్రీటింగ్ మెసేజ్‌లో ‘ఈ నంబరు సేవ్ చేసుకుంటేనే రేపటి మెనూ మీకు వస్తుంది’ అని రాయండి. ఎందుకో చెప్పకుండా సేవ్ చేయమంటే ఎవరూ చేయరు.

చవకగా దొరికే బల్క్ మెసేజ్ సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. నలుగురు ‘రిపోర్ట్’ నొక్కితే నంబరు బ్యాన్ కావచ్చు, దానితోపాటే షాపుకున్న పరిచయాలన్నీ పోతాయి. వేలమందికి పంపాలంటే అధికారిక బిజినెస్ ప్లాట్‌ఫామ్ ఉంది. కస్టమర్ చివరిసారి రాసినప్పటి నుంచి 24 గంటలలోపు మామూలుగా జవాబివ్వవచ్చు. ఆ గడువు దాటితే వాట్సాప్ ముందే ఆమోదించిన టెంప్లేటే (సందేశ నమూనా) పంపాలి.

అపోహ: గ్రూపు, కమ్యూనిటీ, ఛానల్, అన్నీ ఒకటే.

గ్రూపులో 1024 మంది దాకా పడతారు, కానీ అందరి నంబరూ అందరికీ కనిపిస్తుంది. పీజీలో ఉండే అమ్మాయిల నంబర్లు ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే. ఒక బ్లాకులో నలభై ఇళ్లవాళ్లు మాట్లాడుకోవడానికి గ్రూపు సరిపోతుంది. మొత్తం కాంప్లెక్సుకి కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు నయం, అక్కడ సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. ఛానల్ వార్డంతటికీ పనికొస్తుంది, కానీ అది ఏకపక్షం. ఫాలో అయినవాళ్లకి నోటిఫికేషన్లు మొదట్నుంచీ మ్యూట్‌లో ఉంటాయి. ‘ఇంకో గంటలో నీళ్లు ఆగుతాయి’ లాంటి కబురు ఛానల్‌లో మాత్రమే పెట్టారంటే అది నీళ్లు ఆగాకే చదువుతారు.

అపోహ: తెలుగువాళ్లకి తెలుగులో రాస్తే చాలు.

బెంగళూరులో ఈ లెక్క తప్పుతుంది. ఇక్కడి తెలుగువాళ్లు ఒక్క రకం కాదు. కోలారు, చిక్కబళ్లాపురం, బాగేపల్లి వైపు కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగే, బడిలో అక్షరం మాత్రం కన్నడం. తెలుగు చక్కగా మాట్లాడతారు, తెలుగు లిపి చదవలేరు. మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉండేవాళ్లు ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చారు. వాళ్లు తెలుగు చదువుతారు, కానీ చాటింగ్‌కొచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. తెలుగు లిపిలో మాత్రమే పోస్టు పెడితే తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు ముందు జారిపోతారు. ఓట్లు ఎక్కువగా ఉండేది వాళ్లకే, చిత్రం!

దీనికి మందు గొంతు. నలభై సెకన్లు మించని తెలుగు వాయిస్ నోటు, దాని కింద కన్నడ లిపిలో రెండు లైన్లు, తెలుగు లిపిలో రెండు లైన్లు. వాయిస్ నోటు మొదటి ఐదు సెకన్లలోనే ఏ ఏరియా, ఏ విషయం చెప్పేయాలి. ‘అందరికీ నమస్కారం, మీ అందరి ఆశీస్సులతో’ అని మొదలుపెడితే ఆ ఐదు సెకన్లూ అక్కడే ఖర్చయిపోతాయి. తేదీ, ఫోన్ నంబరు మాత్రం గొంతులో వదిలేయకండి. కావలసినప్పుడు వెతికితే దొరకవు. అవి అక్షరాల్లోనే ఉండాలి.

లిపికి ఇంకో లెక్క కూడా ఉంది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మామూలు ఖాతాకి 280 క్యారెక్టర్లు. తెలుగులో వత్తు, గుణింతం వేర్వేరుగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 6 పోతాయి. ఇంగ్లీషు ముసాయిదా సరిగ్గా పట్టిందని తెలుగు కూడా పడుతుందనుకోకండి. ఎస్ఎంఎస్ అయితే మరీ ఇరుకు: ఇంగ్లీషుకి 160, తెలుగుకి 70. అది దాటి రెండు ముక్కలైతే ఒక్కో ముక్కకి 67 మాత్రమే, బిల్లు రెండింటికీ పడుతుంది.

అపోహ: పోస్టర్ అందంగా ఉంటే చాలు.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. బొమ్మలో ఉన్న ఫోన్ నంబరుని నొక్కితే కాల్ వెళ్లదు. చూపు లేనివాళ్ల ఫోను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కి ఆ పోస్టరు చాలాసార్లు ఉత్త ‘ఫొటో’. గ్రూపులో వెతికితే దొరకదు. అందుకే పోస్టరులో ఉన్న సమాచారమంతా కింద టెక్స్టుగా మళ్లీ రాయాలి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టిన తెలుగుని తెచ్చి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. పోస్టర్ ఆర్డరిచ్చేటప్పుడే యూనికోడ్ టెక్స్టు (ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించేది) కూడా ఇవ్వమని అడగండి.

అత్యవసర కబురుకి మేం వాడే వరస ఇది. మొదటి లైను: ఏమిటి, ఎక్కడ. రెండోది: వారం, తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు. మూడోది: ఈలోగా ఏం చేయాలి (ట్యాంకర్ ఏ గేటుకి, ఎన్నింటికి). నాలుగోది: ఎవరికి ఫోన్ చేయాలి. చివర: ‘ఈ సమాచారం ఫలానా తేదీ, ఫలానా గంటకి రాసినది’.

‘రేపు’ అన్న మాట అందులో ఉండకూడదు. సోమవారం రాసిన ‘రేపు నీళ్లు రావు’ బుధవారం ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ అవుతుంది, అక్కడివాళ్లు గురువారానికి బకెట్లు నింపుకుంటారు. తేదీ లేని పోస్టరైతే వచ్చే ఏడాది వేసవికి కూడా తిరుగుతూనే ఉంటుంది.

తప్పు దొర్లితే? వాట్సాప్‌లో 15 నిమిషాల వరకు దిద్దుకోవచ్చు, రెండు రోజులు దాటేదాకా అందరికీ తొలగించవచ్చు. కానీ అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు మీ చేతిలో ఉండవు. చప్పుడు చేయకుండా తీసేయడం కంటే ‘సవరణ’ అని మొదలుపెట్టి, పాత టైము, కొత్త టైము రెండూ రాసి మళ్లీ పంపండి. పాత కాపీ చేతిలో ఉన్నవాడికి ఏది తప్పో తెలియాలి కదా.

అపోహ: చెడ్డ కామెంట్లు డిలీట్ చేస్తే పరువు నిలుస్తుంది.

బూతులు, బెదిరింపులు, ఎవరివో ఫోన్ నంబర్లు ఉంటే తీసేయండి, ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని. ‘పప్పులో ఉప్పు ఎక్కువైంది’, ‘మూడు రోజులుగా చెత్త ఎత్తలేదు’ లాంటివి ఫిర్యాదులు. తీసేస్తే అదే మనిషి దాని స్క్రీన్‌షాట్‌ని పది గ్రూపుల్లో పెడతాడు.

ఫిర్యాదుకి బహిరంగంగా ఒక్క జవాబు చాలు: ఏం జరిగిందో ఒప్పుకోలు, ఎప్పటిలోగా చూస్తారో టైము. వివరాలు మెసేజ్‌లో. పని అయ్యాక మళ్లీ అదే కామెంట్ కింద ‘ఈ ఉదయం ఎత్తించాం’ అని రాయాలి. ఈ చివరి అడుగు దాదాపు అందరూ మరిచిపోతారు, చదివేవాళ్లకి మాత్రం మొదటి జవాబే కనిపించి ‘ఊరికే సర్దిచెప్పారు’ అనుకుంటారు.

కామెంట్లలో కస్టమర్ ఫోన్ నంబరు అడగవద్దు. ఫిర్యాదులు పెట్టేవాళ్లని వెతికి, మీ పేరుతో దొంగ కస్టమర్ కేర్ నంబరు ఇచ్చే మోసగాళ్లు ఉన్నారు. ‘మా నంబరు బయోలో ఉన్నది ఒక్కటే, ఓటీపీ ఎప్పుడూ అడగం’ అని పిన్ చేయండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి.

అపోహ: సభ్యుడు ఏం పెట్టినా అడ్మిన్‌కే శిక్ష.

అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల పోస్టుకి బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ముందే కూడబలుక్కుని పెట్టించి ఉంటే వేరే సంగతి. అయినా ఇతరుల పోస్టుని తొలగించే వీలు అడ్మిన్‌కి ఉంది. గొడవ ముదిరేదాకా ఆగడం దేనికి?

అపోహ: ముఖ్యమంత్రి నుంచి కిందిదాకా ట్యాగ్ చేస్తే పని త్వరగా అవుతుంది.

పదిమందిని ట్యాగ్ చేస్తే పదిమందీ పక్కవాడి పని అనుకుంటారు. నీళ్లు, డ్రైనేజీ అయితే జలమండలి 1916. కరెంటు అయితే బెస్కాం 1912. ముందు ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ నంబరుతో, గుర్తు తెలిసేలా తీసిన ఫొటోతో, సంబంధిత శాఖ ఒక్కదాన్నే ట్యాగ్ చేయండి. 2025 సెప్టెంబరులో నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద 5 కార్పొరేషన్లు వచ్చాయి. మీ వీధి ఏ కార్పొరేషన్‌లోకి వచ్చిందో ముందు చూసుకోండి.

అపోహ: ఫాలోయర్లు పెరిగితే గిరాకీ పెరుగుతుంది.

మీ పేజీ ఇన్‌సైట్స్‌లో (ఫాలోయర్ల లెక్కలు చూపే చోటు) ఊర్ల జాబితా తెరవండి. కర్రీ పాయింట్ ఫాలోయర్లలో సగం మంది నెల్లూరులో ఉంటే వాళ్లు సాయంత్రం కూర కొనలేరు. ఇక డబ్బిచ్చి రీలు చేయిస్తే అది ప్రకటన అని అందులో స్పష్టంగా ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అపోహ: పేజీ, నంబరు ఎవరి పేరున ఉంటే ఏంటి?

సంఘం వాట్సాప్ పాత సెక్రటరీ సొంత సిమ్ మీద, ఫేస్‌బుక్ పేజీ ఏజెన్సీ కుర్రాడి ఖాతా మీద నడుస్తుంటాయి. ఆయన ఇల్లు మారతాడు, కుర్రాడు ఉద్యోగం మారతాడు. సంఘం లేదా షాపు పేరున సిమ్ తీసుకోండి, రీచార్జ్ మరవకండి. మూసేసిన నంబరుని కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు, అప్పుడు మీ వాట్సాప్ ఖాతాకి వచ్చే ఓటీపీ వాళ్లకి వెళ్తుంది. వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్ (ఓటీపీ మీద రెండో తాళం) పెట్టి, దానికి సంఘం ఈమెయిల్ జోడించండి. ఫేస్‌బుక్ పేజీలో పూర్తి అధికారం కనీసం ఇద్దరికి ఇవ్వండి, ఏజెన్సీకి మాత్రం పోస్టులు పెట్టే అనుమతి చాలు. కమిటీ మారిన రోజున తాళాలు, చెక్కు పుస్తకంతోపాటు ఈ పిన్ కూడా చేతులు మారాలి.